పీర్ ఎడ్యుకేటర్ ఎవరికి దగ్గర, ఎవరికి దూరం: గోదావరి ప్రాంతపు టీఐ ప్రాజెక్టు నుంచి ఒక కేస్ స్టడీ

హెచ్‌ఐవీ నివారణ పనిలో పీర్ ఎడ్యుకేటర్‌ను, అంటే కమ్యూనిటీ నుంచే వచ్చి తనవారికి ఆరోగ్య విషయాలు చెప్పే మనిషిని, ఎంపిక చేసేటప్పుడు అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటే: కమ్యూనిటీ ఈమెను తమ మనిషి అనుకుంటుందా? 1992లో కోల్‌కతాలోని సోనాగాచిలో డాక్టర్ స్మరజిత్ జానా నాయకత్వంలో మొదలైన పని నుంచి నేటి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం వరకు, సెక్స్ వర్కర్లకు సెక్స్ వర్కరే చెప్పాలి, సూదితో మత్తు తీసుకునేవారికి ఆ జీవితం తెలిసినవారే చెప్పాలి అన్న సూత్రం మీదే మన పనంతా నిలబడి ఉంది. ఆ సూత్రం సరైనదని నా అనుభవం కూడా చెబుతోంది. అయితే ఇద్దరు మనుషులు ఒక విషయంలో ఒకేలా ఉండి, మిగతా ఎన్నో విషయాల్లో వేరుగా ఉండవచ్చు. ఆ ఒక్క పోలిక ఏదో తెలుసుకోకుండా లైన్ లిస్టులు (ఒక్కో పీర్ చూసుకోవలసినవారి జాబితాలు) పంచితే, రిజిస్టరులో అందరికీ సేవ అందినట్టు కనిపిస్తూనే కొందరికి అది అందకుండా పోతుంది. గోదావరి ప్రాంతంలోని ఒక పట్టణంలో మహిళా సెక్స్ వర్కర్ల కోసం నడిచే టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్, అంటే ముప్పు ఎక్కువగా ఉన్న సమూహాల మధ్య చేసే నివారణ పని) ప్రాజెక్టులో, ముగ్గురు పీర్‌ల పరిచయాలను దగ్గరగా పరిశీలించినప్పుడు ఇది ఎలా బయటపడిందో, ఆ తరవాత మేము ఏం మార్చామో ఇక్కడ వివరిస్తాను.

ఊరి పేరు, పీర్‌ల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే కొన్ని కుటుంబ వివరాలను మార్చాను. సంఖ్యలను కూడా ఉద్దేశపూర్వకంగానే వదిలేశాను. ఒక పీర్ పరిధిలో ఉండే కొద్దిమంది సమాచారాన్ని శాతాలుగా మార్చి చూపితే దానికి లేని బరువు వస్తుంది. పైగా ఇంత చిన్న ఊళ్లో ఎవరు ఎవరో తెలిసిపోవడానికి రెండు మూడు అంకెలు చాలు.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని కొత్తది కాదు. గేట్స్ ఫౌండేషన్ నిధులతో 2003లో మొదలైన హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ఆవాహన్ ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2007లో జాతీయ కార్యక్రమం మూడో దశ మొదలయ్యాక పీర్‌ల వ్యవస్థకు ఒక స్థిరమైన రూపం వచ్చింది. అరవై మంది సెక్స్ వర్కర్లకు ఒక పీర్ ఎడ్యుకేటర్, వారి పనిని పర్యవేక్షించే అవుట్‌రీచ్ వర్కర్, అందరూ వచ్చి కూర్చోవడానికి ఒక డ్రాప్ ఇన్ సెంటర్ అన్నవి ఆ రూపంలోని ముఖ్య భాగాలు. ఇన్నేళ్ల శ్రమ వృథా పోలేదు, కొత్త ఇన్‌ఫెక్షన్లు బాగా తగ్గాయి. అయినా దేశ సగటు 0.2 శాతం దగ్గర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో వయోజనుల్లో హెచ్‌ఐవీ ఇంకా దాదాపు 0.6 శాతం ఉంది. ఇప్పుడు మిగిలినవారు తేలికగా దొరికేవారు కారు. పీర్‌కూ ఆమె పరిచయస్తులకూ మధ్య ఉన్న పోలిక గురించి ఇప్పుడు ఇంత పట్టుగా ఆలోచించవలసి రావడానికి కారణం ఇదే.

కోస్తా పట్టణాల్లో సెక్స్ వర్క్ ఒకే చోట గుంపుగా ఉండదు. బస్టాండు, రైల్వే స్టేషన్ పరిసరాల్లో నిలబడేవారు ఉంటారు, ఇంటి దగ్గరే ఉంటూ తెలిసినవారిని మాత్రమే రానిచ్చేవారు ఉంటారు, లాడ్జీలకు వెళ్లేవారు, జాతీయ రహదారి పక్కన దాబాల దగ్గర లారీ డ్రైవర్లను కలిసేవారు ఉంటారు, ఇక ఇటీవల ఫోన్ మీదే అంతా నడిపేవారు పెరిగారు. వీరందరికీ పీర్ చేయవలసిన పని మాత్రం ఒకటే: క్రమం తప్పకుండా కలవడం, కండోమ్‌లు ఇవ్వడం, మూడు నెలలకోసారి ఆరోగ్య పరీక్షకు, ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలకు తీసుకురావడం, పాజిటివ్ వచ్చినవారిని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే) కేంద్రానికి చేర్చి మందులు మానకుండా చూడడం.

మా దగ్గర లైన్ లిస్టును వార్డుల వారీగా పంచారు. తిరగడానికి దూరం తక్కువ, బస్సు ఛార్జీలు కలిసొస్తాయి, పర్యవేక్షణ సులువు. అలా బస్టాండు చుట్టుపక్కల ప్రాంతం నలభై దాటిన, ఈ పనిలో చాలా కాలం ఉన్న ఒక పీర్‌కు వచ్చింది. పట్టణం చివర కాలనీలు ముప్పై దాటిన, భర్త ఉన్న, ఇంటి దగ్గరే పని చేసుకునే మరో పీర్‌కు వచ్చాయి. లాడ్జీలు, ఫోన్ పరిచయాలు అందరికన్నా చిన్నదైన మూడో పీర్‌కు వచ్చాయి. ముగ్గురూ కమ్యూనిటీ మనుషులే, ముగ్గురూ కష్టపడేవారే. అయినా కాలనీల నుంచి ఆరోగ్య పరీక్షకు వచ్చేవారు ప్రతిసారీ తక్కువగానే ఉండేవారు. సమీక్షల్లో దీన్ని ఆ పీర్ చురుకుదనం సమస్యగానే చూస్తూ వచ్చారు. నాకది న్యాయంగా తోచలేదు.

బొట్టుబిళ్లలతో వేసిన పటం

ఒక మధ్యాహ్నం డ్రాప్ ఇన్ సెంటర్‌లో మూడు పెద్ద చార్టులు పరిచి, ఒక్కో పీర్‌ను చార్టు మధ్యలో తన గుర్తు వేసుకోమన్నాం. తన లిస్టులోని ఒక్కో స్త్రీకి ఒక్కో బొట్టుబిళ్ల. పని చేసే చోటును బట్టి రంగు: వీధికి ఎరుపు, ఇంటికి పచ్చ, లాడ్జీకి నీలం, రహదారికి నలుపు. 'రాత్రి పదింటికి మీ పిల్లకు జ్వరం వస్తే ఫోన్ చేసి సాయం అడగగలిగిన మనిషా?' అన్న ప్రశ్నకు అవునంటే బిళ్ల దగ్గరగా, కాదంటే దూరంగా అంటించాలి. ఆ తరవాత గత మూడు నెలల్లో ఆరోగ్య పరీక్షకు వచ్చినవారి బిళ్లల చుట్టూ స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టాలి. పేర్లు ఎక్కడా రాయలేదు.

బస్టాండు పీర్ చార్టులో మధ్య భాగమంతా ఎర్రగా నిండిపోయింది, అందులో ఎక్కువ బిళ్లలకు సున్నాలు పడ్డాయి. వారి వయసులు ఇరవై నుంచి యాభై దాకా ఉన్నా అది అడ్డు కాలేదు. వారిని కలిపింది పని వేళ. సాయంత్రం ఒకే టీ బండి దగ్గర నిలబడతారు, ఒకే పోలీసుల భయం, ఒకే ఆటోవాళ్లు. అదే చార్టు అంచున, అదే వార్డులో ఉంటున్నా ఇంటి దగ్గర పని చేసే కొందరి పచ్చ బిళ్లలు ఉన్నాయి. వాటికి సున్నాలు లేవు. 'వాళ్లు నన్ను చూస్తే తలుపేసుకుంటారండీ. నాతో నిలబడితే వాళ్లు కూడా నాలాంటివాళ్లేనని వీధిలో తెలిసిపోతుందని భయం' అంది ఆమె. ఇందులో నిష్ఠూరం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కాలనీ పీర్ చార్టు. పీర్ ఎంపికకు మనం చెప్పుకునే లెక్కలన్నీ ఆమెకు సరిపోతాయి. లిస్టులోని చాలామందిలాగే ఆమెకూ పెళ్లయింది, పిల్లలు బడికి వెళుతున్నారు, ఇంటి దగ్గరే పని, అదే కాలనీ, దాదాపు అదే వయసు. అంత పోలిక ఉన్నా చార్టు మధ్యలో బిళ్లలు పలచగా ఉన్నాయి. దూరంగా అంటించినవాటిలో తన వీధిలోవే ఎక్కువ, దగ్గరగా ఉన్నవి పక్క కాలనీలవి. తరవాత ఆ వీధి స్త్రీలలో ఒకామెతో కౌన్సెలింగ్ గదిలో మాట్లాడినప్పుడు కారణం తెలిసింది. 'ఆమె మంచిదే మేడం. కానీ మా ఆయనా వాళ్లాయనా ఒకే షెడ్డులో పని చేస్తారు. మా వీధి మనిషి పుస్తకంలో నా పేరుంటే ఇంక దాపరికం ఏముంటుంది చెప్పండి?' అంది.

పని విషయంలో పోలిక నమ్మకాన్ని ఇస్తుంది, నివాసం విషయంలో పోలిక రహస్యానికి ముప్పు తెస్తుంది. ఇంటి దగ్గర పని చేసే స్త్రీకి అన్నిటికన్నా విలువైనది గుట్టు. ఆమెకు కావలసింది తన జీవితం తెలిసి కూడా తన వీధి తెలియని మనిషి. వార్డుల వారీ పంపకం సరిగ్గా దీనికి ఎదురుగా నడిచింది. బస్టాండులో నిలబడే స్త్రీకి గుట్టు భయం లేదని కాదు, ఆమె పని వేళకూ చోటుకూ ఆమె ఇల్లు చాలా దూరంగా ఉంటుంది కాబట్టి పీర్‌ను కలవడం వల్ల కొత్తగా పోయేదేమీ ఉండదు.

కులం గురించి మేము అడగలేదు, చార్టుల మీద రాయలేదు. అయినా ముగ్గురి చార్టుల్లోనూ బాగా దగ్గరగా ఉన్నవారిలో సొంత కులంవారు, చుట్టాలు ఎక్కువగా ఉన్నారని పీర్‌లే గమనించి, కొంచెం ఇబ్బందిగానే బయటికి చెప్పారు. ఒకరి ద్వారా ఒకరు ఈ పనిలోకి వచ్చినప్పుడు అలా జరగడం సహజం. కానీ కొత్త స్త్రీల ఆచూకీ కూడా ఆ దారి వెంటే వస్తుంది కాబట్టి, ఆ దారికి బయట ఉన్నవారు లిస్టులోకే రారు. దీన్ని పైకి మాట్లాడకుండా దాటవేయడం మన రంగంలో మామూలైపోయింది, అది ఆగాలి.

పోలిక మోసుకొచ్చే మౌనం

పీర్‌కూ పరిచయస్తులకూ మధ్య పోలికను మనం ఎప్పుడూ సందేశం చేరే మార్గంగానే చూస్తాం. అలవాట్లు, నమ్మకాలు కూడా అదే మార్గంలో నడుస్తాయి. మా పరిశీలనలో అన్నిటికన్నా గంభీరమైన విషయం ఇదే అనుకుంటున్నాను.

కస్టమర్లతో కండోమ్ వాడకం గురించి ముగ్గురు పీర్‌లూ ధాటిగా మాట్లాడతారు, నమూనా మీద చేసి చూపిస్తారు, ఒప్పుకోని మనిషిని ఎలా ఒప్పించాలో చెబుతారు. భర్తతోనో, ఏళ్లుగా వస్తూ ఇంటి ఖర్చులు చూసుకునే మనిషితోనో కండోమ్ వాడడం గురించి అడిగితే మాత్రం స్వరం మారుతుంది. కాలనీ పీర్‌తో విడిగా కూర్చున్నప్పుడు, తన భర్తతో తాను ఎప్పుడూ వాడలేదని, ఆ మాట ఎత్తితే అనుమానం వస్తుందని ఆమె చెప్పింది. బస్టాండు పీర్‌కు చాలా ఏళ్లుగా ఒకే మనిషి తోడున్నాడు. 'ఆయన పరాయివాడు కాదు కదండీ' అన్నది ఆమె మాట. వారి చార్టుల్లో దగ్గరగా ఉన్న స్త్రీలను కౌన్సెలింగ్‌లో అడిగితే ఇంచుమించు అవే మాటలు వచ్చాయి. పీర్ ఆ విషయం ఎత్తదు, పరిచయస్తురాలు అడగదు, ఇద్దరికీ ఆ మౌనం హాయిగా ఉంటుంది. నమ్మిన మనిషితో కండోమ్ వాడకం తగ్గిపోవడం ఈ రంగంలో ఎక్కడ చూసినా కనిపించేదే. కానీ పీర్‌ల వలయంలోపలే అది ఇంత గట్టిగా స్థిరపడి ఉండడానికి, మనం ఏ పోలికను బలంగా లెక్కవేశామో అదే కారణం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ స్త్రీలు పీర్ ప్రభావం వల్ల ఆమెలా అయ్యారా, లేక మొదటి నుంచీ తమలాంటి మనిషినే స్నేహితురాలిగా ఎంచుకున్నారా అన్నది ఒక్కసారి వేసిన చార్టును చూసి చెప్పలేం. 1954లో లాజర్స్‌ఫెల్డ్, మెర్టన్ 'హోమోఫిలీ' (తమలాంటివారితోనే స్నేహం కలవడం) అన్న మాటను ప్రతిపాదించినప్పటి నుంచి సామాజిక శాస్త్రంలో ఈ చిక్కు ఉంది. మన లెక్కల్లో పీర్‌కు దగ్గరి స్త్రీలు బాగా కండోమ్ వాడుతున్నారని కనిపించగానే అది పీర్ గొప్పతనమని రాసుకుంటాం. వారు ముందునుంచే అలా ఉన్నవారు కావచ్చు, అందుకే ఆమెతో స్నేహం కలిసి ఉండవచ్చు.

కొత్త విషయాల వ్యాప్తిని జీవితమంతా అధ్యయనం చేసిన ఎవరెట్ రోజర్స్ దీనికి ఒక సూచన ఇచ్చారు: చెప్పేవారు, వినేవారు మిగతా అన్నిటిలో ఒకేలా ఉండి, చెప్పదలచిన ఆ ఒక్క విషయంలో మాత్రం చెప్పేవారు కొంత ముందుండాలి. కస్టమర్ల విషయంలో మా పీర్‌లు అలా ముందున్నారు. ఇంటి మనిషి విషయంలో వారు వినేవారితో సమానంగా నిలబడి ఉన్నారు, కాబట్టి అక్కడ ప్రవహించడానికి ఏమీ లేదు.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రపు హార్ట్‌ఫర్డ్ నగరంలో మార్గరెట్ వీక్స్ బృందం, అప్పటికీ మత్తుమందులు వాడుతున్నవారికే శిక్షణ ఇచ్చి పీర్ హెల్త్ అడ్వొకేట్లుగా తయారు చేసింది. వారు తమ పరిచయస్తులతో కలిసి మత్తు తీసుకునే చోట్లనే నివారణ పని చేశారు. మానేసినవారిని కాకుండా వాడుతున్నవారిని ఎంచుకోవడంలోని తెగువ నాకు నచ్చుతుంది, ఎందుకంటే పోలిక అక్కడ గతానికి చెందినది కాదు, ఈ రోజుది. మరోవైపు, సమాజంలో పలుకుబడి ఉన్నవారి ద్వారా సందేశం పంపే పద్ధతి అమెరికా చిన్న పట్టణాల గే బార్లలో జెఫ్రీ కెల్లీ బృందానికి మంచి ఫలితాలిచ్చినా, అదే పద్ధతిని చెన్నైలోని వైన్ షాపుల దగ్గర సహా ఐదు దేశాల్లో పరీక్షించినప్పుడు, పోల్చి చూసిన ఇతర సమూహాలకన్నా చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2010లో తేలింది. ఒక చోట పనికొచ్చిన పోలిక మరో చోట పనికొస్తుందని ముందే అనుకోవడానికి లేదు.

పీర్ అయ్యాక వచ్చే దూరం

మరో మార్పు నెమ్మదిగా జరుగుతుంది. పీర్‌కు నెలనెలా కొంత గౌరవ వేతనం వస్తుంది, చేతికి ప్రాజెక్టు సంచి, రిజిస్టరు వస్తాయి, ఆసుపత్రిలో సిస్టర్లు పేరుపెట్టి పిలుస్తారు. బస్టాండు పీర్ ఇప్పుడు రాత్రిళ్లు నిలబడడం బాగా తగ్గించింది. అది ఆమె జీవితంలో మంచి మార్పు, దాన్ని ఎవరూ తప్పుపట్టకూడదు. అయితే రాత్రి ఎవరు కొత్తగా వచ్చారు, ఏ ఆటోలో ఎవరు వెళ్లారు అన్నది ఆమెకు ఇప్పుడు ఇతరులు చెబితేనే తెలుస్తోంది. చిన్నవాళ్లు 'అక్కా' అనడం మానేసి 'మేడం' అనడం మొదలుపెట్టారు.

మేము మార్చినవి

మొదట, వార్డుల వారీ పంపకం తీసేశాం. పని చేసే తీరును బట్టి లిస్టులు మార్చి, ఇంటి దగ్గర పని చేసే స్త్రీలకు తమ పీర్ ఎవరో తామే ఎంచుకునే అవకాశం ఇచ్చాం. అవుట్‌రీచ్ వర్కర్ ఒకసారి విడిగా కలిసి, ఫలానా ముగ్గురిలో మీకు ఎవరైతే బాగుంటుందని అడుగుతుంది, ఎందుకని అడగదు. ప్రయాణ ఖర్చు పెరిగింది, దానికి అనుమతి తెచ్చుకోవడానికి కొంత పోరాడవలసి వచ్చింది. కాలనీ పీర్ తన వీధి వదిలి పట్టణానికి అవతలి కొసన ఉన్న స్త్రీలను చూడడం మొదలుపెట్టింది. ఆమెకు కొద్దిగా కుట్టుపని వచ్చు. కొలతల టేపు, రెండు జాకెట్టు ముక్కలు సంచిలో పెట్టుకుని వెళుతుంది, ఇంట్లో అత్తగారు ఉన్నా కొలతలు తీసుకుంటూ నాలుగు మాటలు చెప్పి వస్తుంది. ఈ ఉపాయం మేము నేర్పింది కాదు, ఆమె తెలివే. గతంలో ఆమెను చురుకుదనం లేనిదన్నవారు ఇప్పుడు ఆమె లిస్టు చూస్తే, పరీక్షకు వచ్చేవారి సంఖ్యలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇంటి మనిషితో కండోమ్ విషయాన్ని పీర్‌ల మీద వదిలేయకుండా మొదట పీర్‌ల మధ్యే చర్చకు పెట్టాం. ఎవరి సంగతి వారు చెప్పాలని బలవంతం లేదు. గర్భం రాకుండా అని చెప్పి మొదలుపెట్టడం, ఆరోగ్య పరీక్షకు ఇద్దరూ కలిసి రావడం, ఆసుపత్రిలో డాక్టరు చేతే చెప్పించడం లాంటి మార్గాలు వారి మాటల్లోంచే వచ్చాయి. వీటిలో అందరికీ పనికొచ్చేది ఒక్కటీ లేదు. భర్తకు భయపడే స్త్రీని కండోమ్ గురించి నిలదీయడం ప్రమాదకరం కాబట్టి, అలాంటివారికి క్రమం తప్పని పరీక్షే మొదటి రక్షణ అని నిర్ణయించుకున్నాం.

పాజిటివ్ వచ్చినవారి విషయంలో పోలిక లెక్క వేరు. మందులు మొదలుపెట్టి మధ్యలో మానేసినవారితో మాట్లాడడానికి, అదే మాత్ర రోజూ వేసుకుంటున్న మనిషి చెప్పినంతగా మరెవరూ చెప్పలేరు. పని చేసే చోటు, వయసు అక్కడ పెద్దగా లెక్కలోకి రావు. అందుకు ఒప్పుకున్న ఒక స్త్రీ ఆ పని చేస్తోంది, అయితే ఎవరి స్థితీ వారి రాతపూర్వక అంగీకారం లేకుండా మరొకరికి తెలియకూడదు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెప్పేది కూడా అదే. కాబట్టి పరిచయం చేసే బాధ్యత కౌన్సెలర్ దగ్గరే ఉంచాం, పీర్‌ల లిస్టుల్లోకి ఆ సమాచారం వెళ్లదు.

ఇంకా అందనివారు

అందరికీ పోలిక దొరకలేదు. ఫోన్ మీద పని చేసే అమ్మాయిలు మూడో పీర్‌తో చనువుగా ఉంటారు, మెసేజ్‌లకు వెంటనే జవాబిస్తారు. కానీ నెలలో సగం రోజులు విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. ఆరోగ్య పరీక్ష రోజున ఊళ్లో ఉండరు. వారికి దగ్గర్లోని సురక్ష క్లినిక్ (సుఖవ్యాధుల చికిత్స కేంద్రం), ఐసీటీసీ (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రం) చిరునామాలు పంపడం, వెళ్లినప్పుడు అక్కడి కౌన్సెలర్‌తో ఫోన్‌లో మాట్లాడించడం తప్ప ప్రస్తుతానికి మరో దారి కనిపించలేదు.

చార్టులన్నిటిలోనూ అంచునే మిగిలిపోయినవి నల్ల బిళ్లలు. రహదారి దాబాల దగ్గర పని చేసేవారిలో చాలామంది పక్క జిల్లాల నుంచి, కొందరు ఒడిశా వైపు నుంచి వస్తారు. భాష వేరు, వేళ వేరు, ఉండే చోటు నిలకడగా ఉండదు. మా ముగ్గురు పీర్‌లలో ఎవరూ ఏ విధంగానూ వారిని పోలి లేరు. ఉన్నవారిలో ఒకరికి ఆ లిస్టు కూడా అప్పగించి అరవై సంఖ్య పూర్తిచేయడం సులువే. దానివల్ల కండోమ్‌ల లెక్క రిజిస్టరులో సరిపోతుంది, ఆ స్త్రీలకు మాత్రం తమ మనిషి ఉండదు. అందుకని ఆ లిస్టును ఎవరికీ ఇవ్వకుండా, ప్రస్తుతానికి అవుట్‌రీచ్ వర్కరే వారానికి రెండు సాయంత్రాలు వెళ్లేలా ఏర్పాటు చేసి, వారిలోంచే ఒకరిని పీర్‌గా తీసుకోవాలని పట్టుబట్టాం. తెలుగు, ఒడియా రెండూ మాట్లాడే ఒకామె ఒప్పుకుంది. పగలు నిద్రపోతుంది కాబట్టి ఉదయం పదింటికి మొదలయ్యే శిక్షణకు రాలేనంది. వచ్చే విడత పీర్ శిక్షణ మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టడానికి అనుమతి అడిగాం, అది వచ్చేదాకా ఆమెకు కావలసిన మొదటి పాఠాలను అవుట్‌రీచ్ వర్కర్ దాబా దగ్గరే చెబుతోంది.